బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తే పిల్లలకు కొత్త పదాలు వస్తాయా?

ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లలకు బొమ్మల పుస్తకాలు పైకి చదివి వినిపిస్తే వారి పదజాలం నిజంగా పెరుగుతుందా, కొత్త పదాల అర్థాలను కథ మొదలుపెట్టక ముందే చెప్పాలా, తరువాత చెప్పాలా అన్నది మీ ప్రశ్న. పదజాలం తప్పకుండా పెరుగుతుంది. అర్థాలు మాత్రం ముందుగా చెప్పకూడదు. ఈ రెండో మాట మీద నేను ఎవరితోనైనా వాదనకు సిద్ధం, ఎందుకంటే నేను హాజరైన శిక్షణ తరగతులలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగానే చెబుతూ వచ్చారు. నల్లబల్ల మీద ఐదు పదాలు రాయండి, పక్కన అర్థాలు రాయండి, పిల్లల చేత మూడుసార్లు పలికించండి, ఆపైన పుస్తకం తెరవండి అంటారు. ఇంత తతంగం పూర్తయ్యేసరికి వెనక వరుసలోని పిల్లలు పలకల మీద ఏవో గీతలు గీసుకుంటూ ఉంటారు, ముందు వరుసలోని పిల్లలకు అది కథ కాదు, మరొక పాఠమని తెలిసిపోతుంది.

నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గరలో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో చాలా ఏళ్లుగా చిన్న తరగతులకు చెబుతున్నాను. ఆంధ్ర సరిహద్దు దాటితే పాతపట్నం. మా తరగతిలో తెలుగు ఇళ్ల పిల్లలే ఎక్కువ, కొందరు ఇంట్లో ఒడియా మాట్లాడతారు, కొండ ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు సవర అనే గిరిజన భాష మాట్లాడతారు. తెలుగు పిల్లల ఇంటి తెలుగుకూ, అచ్చులో కనబడే తెలుగుకూ కూడా చాలా దూరం ఉంటుంది. ఇలాంటి తరగతిలో పదానికి పక్కన పర్యాయపదం రాసి చూపిస్తే ఆ పర్యాయపదమే సగం మందికి కొత్త పదం అవుతుంది. అందువల్ల మాకు అర్థం చెప్పే పని బొమ్మే చేయాలి, ఆ బొమ్మ గురించి పిల్లలు మాట్లాడుకోవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. రెండవ తరగతిలో ఒక మేకపిల్ల కథ చదువుతున్నాను. పేజీకి ఒకటి రెండు వాక్యాలు మాత్రమే ఉండే పలుచటి పుస్తకం అది. వాగు మీద అడ్డంగా ఒక దుంగ పడి ఉంటుంది, అవతలి ఒడ్డున పచ్చగడ్డి ఉంటుంది, మేకపిల్ల ముందు కాళ్లు దుంగ మీద, వెనక కాళ్లు నేల మీద పెట్టి నిలబడి ఉంటుంది. కింద "మేకపిల్ల జంకింది" అని ఉంది. నేను చదివి, అర్థం చెప్పకుండా, పుస్తకాన్ని ఛాతీ దగ్గర పెట్టుకొని ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పి అందరికీ చూపించి, మేకపిల్ల ఏం చేస్తోందని మాత్రం అడిగాను. నలుగురైదుగురు ఒక్కసారిగా "బయపడిపోనాది" అన్నారు. అక్కడితో సరేనని పేజీ తిప్పితే జంకడం అంటే భయపడడమని వారి మనసులో ఉండిపోయేది, చాలామంది పెద్దవాళ్లలాగానే.

అయితే ఇంట్లో మేకలున్న ఒక కుర్రవాడు ఒప్పుకోలేదు. లేచి పుస్తకం దగ్గరికి వచ్చి, మేకపిల్ల చెవి మీద వేలు పెట్టి, "నేదు మాస్టారూ, బయపడ్నేదు. బయపడితే సెవులు ఎనక్కి ఎట్టేస్తాది. దీని సెవులు సూడండి, ముందుకే ఉన్నాయి" అన్నాడు. నిజంగానే చిత్రకారుడు చెవులను ముందుకే గీశాడు, అప్పటివరకు ఆ సంగతి నా దృష్టికి రాలేదు. మరి ఏం చేస్తోందని అడిగాను. వాడు కొంచెంసేపు బొమ్మనే చూసి, "ఎల్దామా వద్దా అని సూస్తంది" అన్నాడు. వెంటనే మరొక అమ్మాయి, "గడ్డి మీద ఆశుంది, నీళ్లంటే బయముంది, రెండూ ఉన్నాయి" అంది. అంతవరకూ భయమేనన్నవాళ్లు మేకపిల్ల కళ్లు ఎటు చూస్తున్నాయో వెతకడం మొదలుపెట్టారు. గడ్డి వైపే చూస్తున్నాయని తేలింది. దాన్నే జంకడం అంటారని నేను ఒక్క వాక్యం చెప్పి పేజీ తిప్పాను. ఆశా భయమూ రెండూ ఉండి కాలు ఆగిపోవడం అన్నంత చక్కని వివరణ నల్లబల్ల మీద నేనైతే రాయగలిగేవాడిని కాను. పైగా ఆ వివరణ పిల్లలు తమ ఇంటి మాటల్లో తామే కట్టుకున్నది కాబట్టి ఎవరూ బట్టీ పట్టవలసిన అవసరం రాలేదు.

ఆ వారమంతా నేను చేసిందల్లా ఆ పదాన్ని పుస్తకంలోనే వదిలేయకుండా తరగతిలో తిరగనివ్వడం. మధ్యాహ్న భోజనంలో డాల్మా, అంటే కూరగాయలు వేసిన పప్పు, మామూలుగా తినే ఒక పిల్లవాడు గుడ్డు కూర పెట్టే రోజున పళ్లెం ముందు పెట్టుకొని కూర్చుండిపోతే, పక్కవాడే "జంకుతున్నాడు మాస్టారూ" అని చెప్పాడు. వానకు ఆవరణలో నీరు నిలిచినప్పుడు దానిని దాటవలసిన వాళ్లందరూ జంకారు, జంకకుండా దూకినవాడికి చప్పట్లు కొట్టారు. అదే పుస్తకాన్ని రెండు రోజుల తరువాత మళ్లీ చదివాను, వారం చివర మరొకసారి చదివాను. మూడోసారి "మేకపిల్ల" అని నేను ఆగితే తరగతి అంతా "జంకింది" అని అరిచింది.

చదివిన పుస్తకాన్నే మళ్లీ ఎందుకు చదువుతారని తోటి ఉపాధ్యాయులు అడుగుతూ ఉంటారు. ఆధారం కావాలనుకునేవారికి రెండు చెబుతాను. న్యూజిలాండ్‌లో వారిక్ ఎల్లీ అనే విద్యావేత్త ఏడెనిమిదేళ్ల పిల్లలకు బొమ్మల కథలను వారంలో మూడేసి సార్లు చదివి వినిపించి, 1989లో ఫలితాలు ప్రచురించాడు. ఏ వివరణా లేకుండా చదివినా పరీక్షించిన పదాల మీద సుమారు 15 శాతం మెరుగుదల కనబడింది. చదువుతూ చదువుతూ ఒక మాటలో అర్థం చెప్పినా, బొమ్మ వైపు చూపినా ఒక కథలో అది 40 శాతం దాకా వెళ్లింది. 2011లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు మూడేళ్ల పిల్లల మీద చేసిన పరిశీలనలో, వారమంతా వేర్వేరు కథలు విన్నవారికంటే ఒకే కథలను మళ్లీ మళ్లీ విన్న పిల్లలే వాటిలోని కొత్త పదాలను బాగా గుర్తుపెట్టుకున్నారు. ఇవి ఇంగ్లీషు పిల్లల సంగతులు కదా, మనకేమిటి అంటారేమో. మూడు భాషల మధ్య పెరిగే మా పిల్లలకు మళ్లీ వినవలసిన అవసరం ఇంకా ఎక్కువే ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఎల్లీ ఫలితాలను చూపి, అర్థాలు చెప్పమనే కదా ఆయన కూడా చెప్పింది అని నాతో వాదించినవారు ఉన్నారు. ఆయన పరిశీలించిన వివరణ కథ నడుస్తుండగా చెప్పిన వివరణ. పదం వచ్చిన చోట, బొమ్మ కళ్లెదుట ఉండగా, కథ ఆగిందని పిల్లలకు తెలియనంత తక్కువ సమయంలో చెప్పేది. దానికీ, పుస్తకం తెరవకముందే నల్లబల్ల నింపడానికీ పోలికే లేదు.

ఇక ఏ పదాలను ఎంచుకోవాలన్నది అసలు కష్టమైన పని. అమెరికాలో ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కోన్ అనే పరిశోధకులు పదాలను మూడు అంతస్తులుగా చూడమన్నారు. ఇల్లు, కుక్క, పరుగు వంటివి అందరికీ తెలిసినవే. కిరణజన్య సంయోగక్రియ వంటివి ఆ పాఠం వచ్చినప్పుడు చూసుకోవచ్చు. రెండింటికీ నడుమ, ఎన్నో కథల్లో, ఎన్నో సందర్భాల్లో కనబడుతూ పిల్లల మాటల్లోకి మాత్రం రానివి కొన్ని ఉంటాయి. తడబడడం, పొంచి ఉండడం, నిట్టూర్చడం, ఓదార్చడం, పట్టుబట్టడం వంటివి. నేర్పవలసినవి ఇవే. మన ఉపాధ్యాయులు మాత్రం బొమ్మలో కనబడే ప్రతి వస్తువు పేరూ చెప్పించి, పదజాలం నేర్పామని సంతృప్తి పడతారు. దుంగ, వాగు, గడ్డి మా ఊరి పిల్లలకు నాకంటే బాగా తెలుసు. ఒక పుస్తకానికి రెండు లేక మూడు పదాలకు మించి నేను పెట్టుకోను. వాటిని ఇంటి దగ్గరే ఎంచుకొని, వెనక అట్ట బయటివైపు చిన్న కాగితం మీద రాసి అంటించుకుంటాను. తరగతిలో పుస్తకం పిల్లల వైపు తిరిగి ఉంటుంది కాబట్టి ఆ చీటీ నాకొక్కడికే కనబడుతుంది.

చర్చ ఏ భాషలో జరగాలన్న అనుమానం మీకు కూడా వచ్చి ఉంటుంది. పిల్లవాడికి నోరు తిరిగిన భాషలోనే జరగాలి. పుస్తకంలోని వాక్యాన్ని నేను ఉన్నది ఉన్నట్టే చదువుతాను, దాన్ని మా యాసలోకి మార్చను, ఎందుకంటే ఆ వాక్యం వినడమే కదా అసలు ఉద్దేశం. పిల్లలు మాత్రం తమ మాటల్లోనే మాట్లాడతారు, "సెవులు" అన్నందుకు "చెవులు" అను అని ఆ క్షణంలో దిద్దితే ఆ కుర్రవాడు మేకపిల్ల గురించి మళ్లీ నోరెత్తడు. ఈ మాట మా పర్లాకిమిడిలో కొత్తగా చెప్పవలసిన అవసరమే ఉండకూడదు. గిడుగు రామమూర్తి పంతులు 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది ఈ ఊళ్లోనే. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకొని, వాచకాలు తయారుచేసి, బడులు పెట్టించింది ఇక్కడి నుంచే. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, ఆ మధ్యాహ్నమే పిల్లవాడి మాటను వెక్కిరించే బడులు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. ఒడిశాలో 2006-07లో పది గిరిజన భాషలతో మాతృభాషా బోధన కార్యక్రమం మొదలైంది, వాటిలో సవర ఒకటి. ప్రథమ్ బుక్స్ సంస్థ సవర, కుయి వంటి భాషలలో బొమ్మల పుస్తకాలు కూడా వేసింది. సరిహద్దు తెలుగు పిల్లల ఇంటి మాటను దృష్టిలో పెట్టుకొని వేసిన పుస్తకం ఒక్కటి కూడా ఇంతవరకు నా చేతికి రాలేదు. చేతికొచ్చేవి ఎక్కువగా ఇంగ్లీషు నుంచో హిందీ నుంచో అనువాదమైనవి, వాటిలో ఏనుగు కూడా దరఖాస్తు రాసే గుమాస్తాలాగా మాట్లాడుతుంది.

పుస్తకాలు లేవని అనేవారితో మాత్రం నేను పూర్తిగా ఏకీభవించను. నేను చూసిన బడులలో చాలా చోట్ల పుస్తకాలు ఉన్నాయి, బీరువాలో ఉన్నాయి. స్టాకు రిజిస్టరులో రాసిన పుస్తకం చిరిగితే లెక్క చెప్పవలసింది ప్రధానోపాధ్యాయుడు కాబట్టి తాళం వేసి ఉంచుతారు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి మా తరగతిలో అంచులు నలిగిన పుస్తకాన్ని పట్టుకొని ఇదేమిటని అడిగారు. తరువాత పిల్లలు నేర్చుకున్న పదాల జాబితా చూపమన్నారు. జాబితా లేదని చెప్పి, పిల్లలతో మాట్లాడి చూడమని కోరాను. ఆయన నోటు పుస్తకాలే చూసి వెళ్లారు. తాళం తీయించడం మీ వల్ల కాకపోతే, ప్రథమ్ బుక్స్ వారే 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు, ఒడియా కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు తీసుకోవడానికి కూడా అనుమతి ఉంది. వాటిని కాగితం మీదే వాడండి. ఫోనులోనో గోడ మీది తెరలోనో బొమ్మ కదులుతూ పోతుంటే, లేచి వచ్చి చెవి మీద వేలు పెట్టే తీరిక పిల్లవాడికి దొరకదు.

మూడవ తరగతికి వచ్చేసరికి ఒక చిక్కు ఉంది, అది కూడా చెప్పాలి. రెండోసారి చదువుతానంటేనే వారు "తెలుసు మాస్టారూ" అని విసుక్కుంటారు. వారికి నేను మళ్లీ చదవను. పుస్తకం వారి చేతికే ఇచ్చి, మర్నాడు ఒకటవ తరగతిలో చదివి వినిపించమంటాను, ఎంచుకున్న రెండు పదాల దగ్గర చిన్నవాళ్లను ఏమని అడుగుతారో ముందు నాతో చెప్పమంటాను. ఆ ప్రశ్న తయారుచేసుకోవడానికి వారు అదే పేజీని ఎన్నిసార్లు చదువుకుంటారో మీరే చూస్తారు. జంటగా పంపండి, ఒకరు చదువుతుంటే మరొకరు పుస్తకం పట్టుకోవాలి, లేకపోతే చదివే పిల్లవాడు పుస్తకాన్ని తన వైపే తిప్పుకుంటాడు, బొమ్మ ఎవరికీ కనబడదు.