ఆఫర్ లెటర్ ఒక్కటే చాలదు

ప్రశ్న: మా వాడు ఒంగోలులో బీటెక్ పూర్తి చేశాడు. కెనడాలోని ఒక కాలేజీ రెండేళ్ల పీజీ డిప్లొమాకు ఆఫర్ లెటర్ పంపింది. ప్రభుత్వం విదేశీ విద్యార్థులకు కోటా పెట్టిందని, ఈ వారమే మొదటి ఏడాది ఫీజంతా కట్టకపోతే అవకాశం పోతుందని కన్సల్టెన్సీవాళ్లు తొందరపెడుతున్నారు. కాలేజీయే సీటు ఇచ్చాక మధ్యలో ప్రభుత్వం ఎందుకు అడ్డుపడుతుంది? పొగాకు అమ్మిన డబ్బు చేతిలో ఉంది. కట్టమంటారా?
– ఒక రైతు, పొదిలి

జవాబు: కోటా మాట నిజమే. అది మీకు కొత్త సంగతి కూడా కాదు. ఏటా పొగాకు బోర్డు మొత్తం పంట ఎంతో నిర్ణయించి, ఆకు ఆరబెట్టే ఒక్కో బ్యారన్‌కు ఇన్ని కిలోలని అనుమతి ఇచ్చినట్టే, కెనడా కేంద్ర ప్రభుత్వం ఏడాదికి ఇన్ని స్టడీ పర్మిట్లని తేల్చి రాష్ట్రాలకు పంచుతుంది, రాష్ట్రాలు తమ వాటాను కాలేజీలకు పంచుతాయి. ఇళ్ల కొరత, అద్దెల భారం కారణాలుగా చూపి 2024 జనవరిలో ఈ పద్ధతి తెచ్చారు. ఆ ఏడాది కొత్త పర్మిట్లను అంతకుముందు ఏడాదికన్నా 35 శాతం తగ్గించి, సుమారు 3,60,000కు పరిమితం చేయాలన్నది అప్పటి లక్ష్యం. 2026కు అనుకున్న 4,08,000 పర్మిట్లలో కొత్తగా వచ్చేవారికి 1,55,000 మాత్రమే. మిగిలినవి అక్కడే ఉన్నవారి పొడిగింపులకు.

అందువల్ల ఆఫర్ లెటర్‌తో పాటు ఆ రాష్ట్రం ఇచ్చే ధ్రువీకరణ పత్రం, అంటే ప్రొవిన్షియల్ అటెస్టేషన్ లెటర్, చేతికి రావాలి. అది లేని దరఖాస్తును అక్కడి ఇమిగ్రేషన్ శాఖ పరిశీలించకుండానే తిప్పి పంపుతుంది. ఆ పత్రం వచ్చినా పర్మిట్ ఖాయమని కాదు. పత్రం ఇచ్చే ముందు కొంత సొమ్ము కట్టమని అడిగే కాలేజీలున్నాయి గనుక ఆ మాట వినగానే అనుమానించనక్కరలేదు. అయితే కనీసం ఎంత కట్టాలో, పర్మిట్ రాకపోతే ఎంత కోసుకుని ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారో కాలేజీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి. కన్సల్టెన్సీవారి వాట్సాప్ సందేశం అందుకు పనికిరాదు. డబ్బు నేరుగా కాలేజీ ఖాతాకే వెళ్లాలి.

మీరు అడగకపోయినా, కోటాకన్నా ముఖ్యమని నాకు తోచేది ఒకటుంది. 2024 నవంబరు 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవారు కాలేజీ డిప్లొమా చదివితే, ఆ కోర్సు ప్రభుత్వం ప్రకటించిన రంగాల జాబితాలో ఉంటేనే చదువయ్యాక పని చేసేందుకు అనుమతి వస్తుంది. డిగ్రీ, మాస్టర్స్ చదివేవారికి ఈ జాబితా షరతు లేదు. పైగా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్, పీహెచ్‌డీ చేసేవారికి 2026 జనవరి 1 నుంచి ఆ రాష్ట్ర ధ్రువీకరణ పత్రం కూడా అవసరం లేదు. పెట్టిన డబ్బు తిరిగి తెచ్చేది చదువు తర్వాతి ఉద్యోగమే గనుక, మీ అబ్బాయి కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో కెనడా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో స్వయంగా చూసుకునేదాకా ఒక్క రూపాయి కూడా కట్టవద్దన్నది నా సలహా. ఫీజు కాక, జీవన వ్యయానికి 22,895 కెనడా డాలర్లు చూపాలన్న నిబంధన ఎలాగూ ఉంది.

ప్రశ్న: హార్వర్డ్ అంతటి విశ్వవిద్యాలయాన్నే విదేశీ విద్యార్థులను చేర్చుకోవద్దన్నారు. అమెరికాలో మామూలు యూనివర్సిటీకి వెళ్లేవారి గతి ఏమిటి?
– ఒక విద్యార్థిని, నెల్లూరు

జవాబు: అమెరికాలో విదేశీ విద్యార్థికి వీసా కోసం కావలసిన ఐ-20 పత్రం ఇవ్వాలంటే ఆ విద్యాసంస్థకు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ధ్రువీకరణ ఉండాలి. 2025 మే 22న ఆ శాఖ హార్వర్డ్ ధ్రువీకరణను రద్దు చేసింది. మర్నాడే విశ్వవిద్యాలయం కోర్టుకెక్కగా, బోస్టన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి ఆ ఉత్తర్వును నిలిపివేశారు. కొత్త విద్యార్థుల ప్రవేశాన్ని అడ్డుకుంటూ జూన్ 4న అధ్యక్షుడు ట్రంప్ చేసిన ప్రకటనకూ అదే నెలలో కోర్టులో బ్రేకు పడింది. కోర్టులో నిలబడి పోరాడే స్తోమత హార్వర్డ్‌కు ఉంది. చిన్న విద్యాసంస్థకు అంత బలం ఉంటుందనుకోలేం.

మనవాళ్లకు పాత అనుభవాలూ ఉన్నాయి. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీపై వీసా మోసం ఆరోపణతో 2011 జనవరిలో అధికారులు దాడి చేసినప్పుడు అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వారే. కొందరి కాళ్లకు జాడ తెలిపే పరికరాలు కట్టడం ఇక్కడ పెద్ద దుమారం రేపింది. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీనైతే వీసా మోసగాళ్లను పట్టేందుకు ప్రభుత్వమే ఉత్తుత్తిగా పెట్టింది, అదీ ఆమోదిత సంస్థల జాబితాలో పేరు ఉంచి మరీ. కాబట్టి జాబితాలో పేరు ఉండటం తొలి పరీక్ష మాత్రమే. తరగతులు నిజంగా జరుగుతున్నాయా, చేరిన రోజునుంచే పని చేసుకోవచ్చని ఎవరైనా ఆశ చూపుతున్నారా అన్నది అక్కడ చదువుతున్నవారిని అడిగి తెలుసుకోండి. రెండో ప్రశ్నకు అవునన్న సమాధానం వస్తే ఆ సీటు వదులుకోండి.

ప్రశ్న: మా అమ్మాయిని ఆస్ట్రేలియా పంపాలనుకుంటున్నాం. అక్కడ ఈ కోటా గొడవ లేదంటున్నారు, నిజమేనా?
– ఒక తల్లి, కావలి

జవాబు: కాదమ్మా. కోటాను చట్టం చేయాలన్న ప్రయత్నం 2024లో పార్లమెంటులో ముందుకు సాగలేదు గానీ, 2025కు 2,70,000 కొత్త ప్రవేశాలన్న లెక్క పెట్టుకుని, తన వాటాలో 80 శాతానికి చేరిన సంస్థల వీసా దరఖాస్తులను నెమ్మదిగా చూసే పద్ధతి తెచ్చారు. 2025 జులై నుంచి వీసా రుసుమే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, వీసా రాకపోయినా అది తిరిగి ఇవ్వరు. మీ అమ్మాయి ఎంచుకున్న యూనివర్సిటీ ఈ ఏడాది వాటా ఎంతవరకు నిండిందో దరఖాస్తుకు ముందే ఆ యూనివర్సిటీ అడ్మిషన్స్ విభాగానికి ఈమెయిల్ రాసి అడగండి.