మోడల్ రైళ్లలో కొత్త ఇంజన్ కదిపితే పాతదీ కదులుతోంది, డీసీసీలో (పట్టాల ద్వారా డిజిటల్ ఆదేశాలు పంపి ఇంజన్లను నడిపే పద్ధతి) అడ్రస్ మార్చడం ఎలా?

కొత్త డీకోడర్ (ఇంజన్ లోపల ఆ ఆదేశాలు అందుకునే చిన్న సర్క్యూట్) దాదాపు ఎప్పుడూ అడ్రస్ 3 తోనే వస్తుంది. మీ పాత ఇంజన్ కూడా 3 మీదే ఉందన్నమాట.

కొత్త ఇంజన్ ఒక్కదాన్నే ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు రాయడానికి విడిగా ఉంచే పట్టా ముక్క) మీద పెట్టండి. మెయిన్ ట్రాక్ మీద సర్వీస్ మోడ్‌లో (అడ్రస్ చూడకుండా రాసే పద్ధతి) రాస్తే అక్కడున్న ఇంజన్లన్నిటికీ అదే అడ్రస్ పడుతుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. కొత్త అడ్రస్ 1 నుంచి 127 వరకైతే సీవీ 1లో (సీవీ అంటే డీకోడర్ ఒక్కో సెట్టింగును దాచుకునే నంబరు గడి) ఆ నంబర్ రాస్తే సరిపోతుంది.

ఇంజన్ మీది నాలుగంకెల నంబరే కావాలంటే పొడవు అడ్రస్ వాడాలి. ఉదాహరణకు యూనియన్ పసిఫిక్ రైల్వే వారి ఇంజన్ బిగ్ బాయ్ 4014. దాన్ని 256తో భాగిస్తే 15, శేషం 174. 15కి 192 కలిపి సీవీ 17లో 207, సీవీ 18లో 174 రాయాలి. తర్వాత సీవీ 29 విలువకు 32 కలపాలి: 6 ఉంటే 38. ఇది మరిస్తే ఇంజన్ 3కే పలుకుతుంది. చాలా కంట్రోలర్లు ఈ లెక్క వాటంతటవే చేసుకుంటాయి.

సీవీ చదవనంటోందా? డీకోడర్ మోటారుకు చిన్న కుదుపునిచ్చి, సుమారు 60 మిల్లీయాంప్‌లు అదనంగా లాగి, ‘అందింది’ అని చెబుతుంది. చక్రాలకు మురికి పట్టినా, మోటారు వైరు ఊడినా ఆ జవాబు రాదు. ముందు చక్రాలు, పట్టాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సౌండ్ డీకోడర్లలో పెద్ద కెపాసిటర్ కూడా అడ్డుపడొచ్చు. చదవడం కుదరకపోయినా రాసింది ఎక్కి ఉండొచ్చు, కొత్త అడ్రస్‌తో ఒకసారి నడిపి చూడండి.

ఏదీ పారకపోతే చాలా డీకోడర్లలో సీవీ 8లో 8 రాస్తే ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్తుంది, అడ్రస్ మళ్లీ 3.