బుల్లీ, ఆ మూడు రిపోర్టులూ ఒక్క ఫైల్లో పెట్టవే

బుల్లీ,

నిన్న రాత్రి వాట్సాప్‌లో నువ్వు పంపిన రిపోర్టులు కళ్లజోడు పెట్టుకుని పెద్దవి చేసుకుని మరీ చూసేను. షుగర్‌ది ఒకటి, పొట్ట స్కానింగ్‌ది ఒకటి, థైరాయిడ్‌ది ఒకటి. మూడు నెలల్లో మూడు ల్యాబుల్లో చేయించి ముగ్గురు డాక్టర్లకి చూపించేవు, ఒకరికి చూపించింది ఇంకొకరికి చూపించలేదు, అదేనే నా బాధంతా. ముప్ఫై ఏళ్లు అమలాపురంలో ల్యాబ్‌లో రక్తం తీసినదాన్ని, పన్నెండేళ్ల నుంచి షుగర్ బిళ్లలు మింగుతున్నదాన్ని, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

ముందు ఒకటి చెప్తాను. ఎదురింటావిడ థైరాయిడ్ బిళ్ల వేసుకుంటే లివర్లో కొవ్వు కరిగిపోద్దని తన సీసాలోంచి ఓ పది తీసి ఇచ్చిందన్నావు చూడు, అవి ఈరోజే తిరిగిచ్చెయ్. ఆవిడ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, అందుకే నాకు ఇంకా భయం. థైరాయిడ్ హార్మోను లివర్లో కొవ్వు కరిగే పని చేయిస్తుంది, రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ని లివర్ లాక్కునేలా చేస్తుంది, ఆ హార్మోను తగ్గిందంటే ఎల్‌డీఎల్, అంటే ఆ చెడ్డ కొలెస్ట్రాలే, పెరుగుద్ది, లివర్లో కొవ్వూ పేరుకుంటుంది. మన షుగర్ వాళ్లకి ఇన్సులిన్ సరిగ్గా పని చెయ్యక ముందే అక్కడ కొవ్వు చేరుతూ ఉంటుంది, టైప్ 2 ఉన్నవాళ్లలో సగం మందికి పైనే ఫ్యాటీ లివర్ ఉంటుంది. అంటే షుగరూ, థైరాయిడూ రెండూ పోయి పోయి ఒకేచోట దెబ్బ కొడతాయి. 2024 మార్చిలో అమెరికాలో ఫ్యాటీ లివర్ ముదిరి లివర్ గట్టిపడుతున్నవాళ్ల కోసం రెస్మెటిరోమ్ అనే మందుకి అనుమతి ఇచ్చారు, అది లివర్లో థైరాయిడ్ హార్మోను పనిచేసే చోటునే ముఖ్యంగా పట్టుకుని పనిచేసేలా తయారుచేసిన మందు. మన మామూలు థైరాయిడ్ బిళ్ల అలా కాదే, ఒళ్లంతా తిరుగుద్ది, అవసరం లేకుండా వేసుకుంటే గుండె దడ, గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం, ఇవన్నీ రావచ్చు.

నీ టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ని పని చెయ్యమని పురమాయించే హార్మోను, 6.8 ఉంది, కొంచెం ఎక్కువే, ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోను, మాత్రం నార్మల్. ఒక్కసారి వచ్చిన నంబరు చూసి జీవితాంతం బిళ్ల మొదలెట్టేసుకోకూడదు, రెండు మూడు నెలలాగి మళ్లీ చేయించు, పొద్దున్నే అదే టైముకి, దాంతో పాటు మన ఒళ్లే థైరాయిడ్ మీద దాడి చేస్తోందేమో చూసే టీపీఓ యాంటీబాడీస్ టెస్టు కూడా. మామూలుగా టీఎస్‌హెచ్ 10 దాటితేనో, లక్షణాలు గట్టిగా ఉంటేనో మందు పెడతారు, అది డాక్టరు తేల్చాలి. ఇంకోటి, జుట్టు ఊడుతుందని బయోటిన్ బిళ్లలు వాడుతున్నావుగా, అవి థైరాయిడ్ టెస్టుని తప్పు చూపించొచ్చు, కనీసం రెండ్రోజుల ముందు మానేసి వెళ్లు. నా ల్యాబ్‌లో దీనివల్ల ఎంతమంది అనవసరంగా కంగారుపడ్డారో.

ఒకవేళ మందు పెట్టారనుకో, నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. మూడేళ్లు నేను ఆ బిళ్లని కాఫీతో మింగేను. టీఎస్‌హెచ్ దిగదు, డోసు 50 నుంచి 75, 75 నుంచి 100కి పెంచుకుంటూ పోయారు, ఎలా వేసుకుంటున్నావమ్మా అని ఒక్కళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత ఎవరో చెప్తే ఉత్త నీళ్లతో వేసుకోవడం మొదలెట్టేను, నెల తిరక్కుండా గుండె దడదడా కొట్టుకుంది, మళ్లీ డోసు తగ్గించాల్సొచ్చింది. పరగడుపున నీళ్లతో, అరగంట నుంచి గంట దాకా ఏమీ వద్దు, కాల్షియం, ఐరన్ బిళ్లలకి నాలుగు గంటలు ఎడం.

ఇక లివర్ సంగతి. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని వస్తే, అది అందరికీ ఉండేదేలే అని మరిదిగారు అన్నారన్నావు, నాకూ అలాగే చెప్పేరు ఒకప్పుడు. ఆ గ్రేడు కొవ్వు ఎంతుందో చెప్తుంది గానీ లివర్ గట్టిపడుతుందో లేదో చెప్పదే. దానికి నీ రక్తం రిపోర్టే చాలు, ఫోన్లో క్యాలిక్యులేటర్ తియ్యి. నీ వయసు 54, లివర్ టెస్టులో ఎస్‌జీఓటీ అని ఉండే నంబరు 38, రెండూ గుణించు, 2052. ప్లేట్‌లెట్స్ 2.1 లక్షలు, దాన్ని 210 అనుకో. అదే లివర్ టెస్టులో ఇంకో నంబరు ఎస్‌జీపీటీ 49, దాని వర్గమూలం 7, 210ని 7తో గుణిస్తే 1470. ఇప్పుడు 2052ని 1470తో భాగించు, 1.4 వస్తుంది. దీన్ని ఫిబ్-4 అంటారు. 1.3 లోపుంటే గట్టిపడే ముప్పు తక్కువ, 65 దాటినవాళ్లకైతే 2 లోపు, 2.67 దాటితే లివర్ డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. నీది కొంచెం పైన ఉంది, భయపడాల్సింది కాదు గానీ నిమ్మకి నీరెత్తినట్టు కూర్చోవాల్సిందీ కాదు, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ ఒక్కటి చేయించాలి, 8 లోపు వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. ఎస్‌జీపీటీ నార్మల్ వచ్చినా లివర్ బాగున్నట్టు కాదు, ఇది గుర్తుపెట్టుకో.

బరువు 72 అన్నావు. మూడున్నర కేజీలు తగ్గితేనే లివర్లో కొవ్వు తగ్గడం మొదలవుద్ది, 5 నుంచి 7 కేజీలు తగ్గితే లోపల వాపు కూడా దిగుద్ది. మన పక్క అన్నం మానమంటే ఎవరు మానుతారు, నేనూ మానలేదు, గరిటెలు లెక్కెట్టుకున్నాను, ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం. రాత్రి అన్నం ఆపేసేను. కొబ్బరి లేకుండా కూర దిగదు మనకి, రోజూ కాకుండా వారానికి రెండుసార్లు చాలు. పెళ్లిళ్ల నుంచొచ్చే కాజాలు, పూతరేకులు ఇంట్లోకి రాగానే పక్కింటి పిల్లలకిచ్చెయ్. కూల్‌డ్రింకు, జ్యూసు అసలొద్దు, పండు కొరుక్కు తిను. క్యాబేజీ తింటే థైరాయిడ్ వస్తుందని వాట్సాప్‌లో వచ్చేది నమ్మకు, ఉడికించుకుని మామూలుగా తినొచ్చు. సాయంత్రం కాలవ గట్టు మీద అరగంట నడక, మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి, అంత జోరు ఉండాలి.

డాక్టరు బరువు తగ్గడానికి ఇంజెక్షన్ రాస్తే, మన ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ అనే ఒకరకం థైరాయిడ్ క్యాన్సర్ ఉందేమో అని అడుగుతారు, ఉంటే ఆ ఇంజెక్షన్ ఇవ్వరు, మనవైపు లేదు, మరిదిగారి వైపు సంగతి నీకు లెక్కలోకి రాదు. షుగర్ మందులు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు.

సోమవారం పొద్దున్న బస్సుకి చించినాడ బ్రిడ్జి దాటి పాలకొల్లు వచ్చేస్తాను, పదికల్లా మీ ఇంటి దగ్గరుంటాను. ఈ లోపు పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టి, వాడుతున్న బిళ్లల అట్టలు ఒక కవర్లో వేసి ఉంచు, ఆ జుట్టు బిళ్లలు కూడా. ఇద్దరం కలిసి షుగర్ డాక్టరు దగ్గరికెళ్దాం, మాట్లాడేది నేను మాట్లాడతాను.

మీ అక్క