బరంపురంలో 100 ఎంబీపీఎస్ నెట్ ఉన్నా ఆన్‌లైన్ గేమ్ ఎందుకు ల్యాగ్ అవుతుంది (ఆలస్యంగా స్పందిస్తుంది)?

చాలాసార్లు కారణం స్పీడ్ కాదు, పింగ్: మీరు నొక్కిన బటన్ సమాచారం సర్వర్‌కు (గేమ్‌ను నడిపే దూరపు కంప్యూటర్‌కు) వెళ్లి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం. స్పీడ్ రోడ్డు వెడల్పు లాంటిది. రోడ్డు ఎంత వెడల్పు చేసినా ఊరు దగ్గర కాదు కదా!

సర్వర్ ముంబైలో ఉందనుకోండి. బరంపురం నుంచి గీత గీసినట్టు కొలిచినా సుమారు 1,250 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి రానూపోనూ 12 మిల్లీసెకన్లకు పైనే తప్పదు. కేబుల్ చుట్టుతిరుగుడు దారి, మధ్యలో రౌటర్లు, గోడల అవతలి వైఫై కలిస్తే ఇంకా పెరుగుతుంది.

పెద్ద ప్లాన్ వేయిస్తే ల్యాగ్ పోతుందనేది అపోహ. మామూలు గేమ్‌కు ఆడేటప్పుడు 1 ఎంబీపీఎస్ కూడా పట్టదు. డబ్బు పెట్టే ముందు వైఫై బదులు రౌటర్ నుంచి నేరుగా లాన్ కేబుల్ (నెట్ వైరు) తగిలించి, దగ్గరి సర్వర్ ఎంచుకుని చూడండి.