సందేహాలు – సమాధానాలు: విచ్ఛిత్తా, విస్ఫోటనమా?

సందేహం: ‘కేంద్రక విచ్ఛిత్తి’ అని బడిలో చదువుకున్నాం. పత్రికల్లో ‘రియాక్టరులో అణు విస్ఫోటనం వల్ల శక్తి పుడుతుంది’ అని రాస్తున్నారు. రెండూ ఒకటేనా? ‘విచ్ఛిత్తి’ మన ‘విచ్చు’ నుంచే వచ్చిందని మా మిత్రుడి వాదన. నిజమేనా?

సమాధానం: మీ మిత్రుడి ఊహ ముచ్చటగా ఉంది కాని చెల్లదు. మొగ్గ విచ్చుకోవడంలోని ‘విచ్చు’ దేశ్యం. విచ్ఛిత్తి సంస్కృతం, వి ఉపసర్గ, ఛిద్ ధాతువు. హ్రస్వం మీద ఛకారం వస్తే నడుమ చకారం చేరుతుంది, తరుచ్ఛాయలో లాగా. ‘విచ్చిత్తి’, ‘విఛ్ఛిత్తి’ అని అచ్చువేసేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో భిద్, ఛిద్ పక్కపక్కనే ఉంటాయి. భిద్‌కు అర్థం విదారణం, అంటే చీల్చడం. ఛిద్‌కు ద్వైధీకరణం, అంటే రెండు చేయడం. మన ‘ఛిన్నాభిన్నం’లో ఇద్దరూ జంటగా కాపురమున్నారు. తమాషా ఏమిటంటే, విచ్ఛిత్తికి ఇంగ్లీషు మాట ‘ఫిషన్’. దానికి మూలమైన లాటిన్ ‘ఫిండెరె’ మన భిద్‌కు దాయాది. ఛిద్‌కు దాయాది వేరు, ‘స్కిండెరె’. వావివరసలు చూసుకుంటే ‘విభేదనం’ అనవలసింది! అనకపోవడమే మంచిదైంది. భేదం తేడాకూ, విభేదం తగవుకూ ఎప్పుడో కుదిరిపోయాయి. పైగా ఇక్కడ కావలసింది రెండు చేయడమే.

1938 డిసెంబరులో బెర్లిన్‌లో రసాయన శాస్త్రజ్ఞులు హాన్, స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టి చూస్తే, దానికన్నా ఎంతో తేలికైన బేరియం కనబడింది. కేంద్రకం రెండుగా చీలిందని వివరించినవారు భౌతిక శాస్త్రజ్ఞురాలు లీసె మైట్నర్, ఆమె సోదరి కొడుకు ఒట్టో ఫ్రిష్. (‘మేనల్లుడు’ అని రాసేస్తుంటారు. మన వరసల్లో ఆడవారికి సోదరి కొడుకు కొడుకే.) జీవకణం రెండవడాన్ని ఏమంటారని ఫ్రిష్ ఒక జీవశాస్త్రజ్ఞుణ్ణి అడిగి ‘ఫిషన్’ను ఎరువు తెచ్చుకున్నాడు. మన జీవశాస్త్రంలోనూ అది ద్విధావిచ్ఛిత్తే. మూడు ముక్కలు కావడమూ ఉంది గాని బహు అరుదు.

యురేనియం 235 ఒక న్యూట్రాన్‌ను మింగి 236 అవుతుంది. అది చీలి, ఒక్కోసారి, బేరియం 141, క్రిప్టాన్ 92, మూడు న్యూట్రాన్లు అవుతుంది. కూడి చూడండి, లెక్క సరిపోతుంది. తూచి చూస్తే మాత్రం సరిపోదు! వెయ్యింట ఒక వంతు కన్నా కాస్త తక్కువ ద్రవ్యరాశి తరుగు. ఆ తరుగే సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. (ఎలక్ట్రాన్ వోల్టు అంటే పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలత.) రెండు ముక్కలూ ధనావేశం కలవి కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుని పరుగెడతాయి. శక్తిలో సింహభాగం ఆ పరుగుదే. బొగ్గులో ఒక కర్బన పరమాణువు కాలితే వచ్చేది 4 ఎలక్ట్రాన్ వోల్టులే. కేంద్రకంలో ఉన్నదే బయటపడింది కనుక ‘శక్తి పుడుతుంది’ అనడం నాకు రుచించదు. ‘విడుదలవుతుంది’ అనండి.

విచ్ఛిత్తికి అలంకారశాస్త్రంలో మరో అర్థం ఉంది. నాయికకు కొద్దిపాటి అలంకరణే కాంతిని పెంచితే దాన్ని విచ్ఛిత్తి అన్నాడు దశరూపకంలో ధనంజయుడు. అలంకరణ ఇసుమంత, కాంతి కొండంత! పరిభాష కూర్చినవారికి ఇది తట్టిందో లేదో గాని, వెయ్యింట ఒక వంతు తరుగుకు ఇంతకన్నా తగిన పేరు నాకు దొరకలేదు.

విస్ఫోటనం అంటే పేలడం, బాంబుకు సరే. రియాక్టరులో ఒక చీలిక నుంచి వెలువడ్డ న్యూట్రాన్లలో సగటున ఒక్కటే మరో చీలికకు దారితీసేలా, మిగిలినవాటిని అదుపుకడ్డీలూ తక్కిన సామగ్రీ మింగేస్తాయి. పేలడానికి అక్కడేముంది?

‘అణు’ సంగతి చిక్కే. శాస్త్రంలో అణువు పరమాణువుల కూటమి. ఇక్కడ చీలేది పరమాణువు నడుమనున్న కేంద్రకం. అయినా అణుశక్తి, అణుబాంబు నాటుకుపోయాయి, పెకలించలేం. ‘అణువిచ్ఛిత్తి’ అన్నవారిని తప్పుపట్టను. నేను మాత్రం కేంద్రక విచ్ఛిత్తి అనే రాస్తాను.