బాలిలో జాతిలువిహ్: నీటి వంతు చుట్టూ అల్లుకున్న వరి పల్లె

"ఇండోనేషియాలో ఒక చిన్న వ్యవసాయపు పల్లె ఎలా ఉంటుంది, అక్కడి రైతులు ఎలా బతుకుతారు, వెళ్ళి రెండు మూడు రోజులు ఉండొచ్చా" అని అడిగారు కదా. ఆ దేశంలో నేను దగ్గరగా చూసిన పల్లె ఒక్కటే కాబట్టి దాని గురించే చెప్తాను. బాలి దీవిలో తబనాన్ జిల్లాలో ఉన్న జాతిలువిహ్. మొదటిసారి ఒక్కడినే వెళ్ళి ఒక రాత్రి ఉండి వచ్చాను. రెండోసారి మా నాన్నగారిని తీసుకెళ్ళి ఆరు రోజులు ఉన్నాం. మాది తణుకు దగ్గర ఊరు, నాన్నగారు నలభై ఏళ్ళుగా వరి పండిస్తున్నారు. నారుమడి సంగతి తమ్ముడు చూసుకుంటానంటేనే జూన్ చివర్లో కదిలారు. మొదటిసారి నేను ఫొటోలు తీసుకుని వచ్చేశాను, ఊరు అర్థమైంది మాత్రం ఆయన పక్కన ఉన్నప్పుడే.

డెన్‌పసార్ నుంచి దూరం 50 కిలోమీటర్లలోపే, కానీ రోడ్డు సన్నం, మలుపులు ఎక్కువ, దగ్గర దగ్గర రెండు గంటలు పడుతుంది. ఊరు బాటుకారు కొండ వాలులో సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంటుంది. రాత్రి దుప్పటి కావాలి. మనం గోదావరి జిల్లాలను అన్నపూర్ణ అన్నట్టే వాళ్ళు తబనాన్‌ను బాలి ధాన్యపు గాదె అంటారు. జాతిలువిహ్ మడులు 303 హెక్టార్లు, అంటే మన లెక్కలో 750 ఎకరాల దాకా. అన్నీ మెట్లు మెట్లుగా కొండ మీంచి దిగుతాయి. కొన్ని మడులు ఎంత చిన్నవంటే చిన్న ట్రాక్టరు కూడా తిరగదు. కారు దిగి నాన్నగారు ముందు చూసింది పైరును కాదు, గట్టును. వంగి చేత్తో తడిమి, "ఇంత వాలులో నీళ్ళు నిలబెట్టాడంటే ఈ గట్టు వేసినోడికి దణ్ణం పెట్టాలిరా" అన్నారు.

మేం దిగింది ఒక రైతు ఇంట్లోనే. ఇల్లంటే ఒకే కప్పు కింద ఉండదక్కడ. ప్రహరీ లోపల విడివిడిగా చిన్న చిన్న కట్టడాలు ఉంటాయి: పడుకునే గది ఒకటి, వంటిల్లు ఒకటి, స్తంభాల మీద నిలబెట్టిన ధాన్యపు కొట్టు ఒకటి, కొండ వైపు మూలన ఇంటి గుడి. వెనకాల పందుల దొడ్డి, ఆవులు. పొద్దున్నే ఇంటావిడ కొబ్బరాకుతో అల్లిన చిన్న దొన్నెల్లో పూలు, ఇంత అన్నం పెట్టి గుడి దగ్గర, పొయ్యి దగ్గర, గుమ్మం దగ్గర ఉంచి వచ్చాకే కాఫీ ఇచ్చేది. పొడి గ్లాసులో వేసి మరిగే నీళ్ళు పోస్తారు, వడకట్టరు, అడుగుకు దిగేదాకా ఆగాలి. ఇంటాయన మా నాన్నగారిని "బాపక్" అని పిలిచేవాడు. తండ్రి అని అర్థం, పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు. ఈయన ఆయన్ని "ఏవండీ" అనేవారు. మధ్యలో వాళ్ళ అబ్బాయి ఇంగ్లీషులో చెప్పడం, నేను తెలుగులోకి మార్చడం. రెండో రోజుకి మా అవసరం సగం తగ్గిపోయింది, ఎందుకంటే వరికి సంబంధించిన మాటలు ఇద్దరికీ ఒక్కొక్కదానికి ఒకటి ఉన్నాయి. మనకు వరి, వడ్లు, బియ్యం, అన్నం వేరువేరు కదా, వాళ్ళకు కూడా పాది, గబాహ్, బెరాస్, నాసి. ఇంగ్లీషులో ఈ నాలుగింటికీ రైస్ అనే ఒక్క మాటతో నేను అవస్థ పడుతుంటే వాళ్ళిద్దరూ గింజ చేతిలో పెట్టుకుని మాట్లాడేసుకున్నారు.

ఇక అసలు సంగతి, నీళ్ళు. అక్కడ పొలాలున్న రైతులందరినీ కలిపే కట్టుబాటు పేరు సుబాక్. దీని ప్రస్తావన 11వ శతాబ్దపు శాసనాల్లోనే ఉంది, అంటే వెయ్యేళ్ళ నాటిది. ఊరి పంచాయతీకీ దీనికీ సంబంధం లేదు, ఒక కాలువ కింద ఎవరెవరి మడులు తడుస్తాయో వాళ్ళంతా ఒక సుబాక్. ఒక రైతుకు రెండు కాలువల కింద పొలం ఉంటే రెండు సుబాక్‌లలో సభ్యుడవుతాడు. పెద్దను పెకాసెహ్ అంటారు, రైతులే ఎన్నుకుంటారు. కట్టుబాట్లు రాసి పెట్టుకుంటారు, కాలువ పూడిక తీతకు రాకపోతే జరిమానా. మనకూ 1997లో చట్టం తెచ్చి సాగునీటి సంఘాలు పెట్టారు కాబట్టి నాన్నగారికి ఈ మాట కొత్త కాదు. ఆయన్ని ఆపేసింది వేరే వస్తువు.

ఇంటాయన మమ్మల్ని మడుల పైనున్న పాయ దగ్గరికి తీసుకెళ్ళాడు. కాలువకు అడ్డంగా ఒక దుంగ. దానిమీద రెండు గాట్లు, లోతు సమానం, వెడల్పు వేరు. ఒకదాంట్లోంచి నీళ్ళు ఎడమ బోదెలోకి, రెండోదాంట్లోంచి కుడి బోదెలోకి. నాన్నగారు చెప్పులు విప్పి నీళ్ళల్లోకి దిగి గాట్లలో వేళ్ళు పెట్టి కొలిచారు. ఒకటి బెత్తెడు, రెండోది సరిగ్గా దానికి రెట్టింపు. ఎడమ బోదె కింద ఎంత పొలం ఉందో కుడి బోదె కింద దానికి రెట్టింపు ఉందట. తలుపు లేదు, తాళం లేదు, తిప్పే చక్రం లేదు. కాలువలో నీళ్ళు ఎక్కువొస్తే ఇద్దరికీ ఎక్కువ, తగ్గితే ఇద్దరికీ తగ్గుతాయి. ఇప్పుడు చాలాచోట్ల దుంగ బదులు సిమెంటుతో కట్టారు గానీ పద్ధతి అదే. రాత్రిపూట ఎవడైనా గాటులో రాయి పెడితే? నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న అదే, ఎందుకంటే మా పొలం కాలువ శివారున ఉంది. దాళ్వాలో వంతు నీళ్ళ కోసం రాత్రిళ్ళు టార్చి పట్టుకుని గట్టు మీద కూర్చోవడం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పైనున్న వాళ్ళు మడవ కట్టేస్తే కిందకు బురద తప్ప ఏమీ రాదు.

ఇంటాయన చెప్పిన జవాబు ఇది. పైవాడు కిందివాడి నీళ్ళు ఆపితే కిందివాడు ఆలస్యంగా ఊడుస్తాడు. పైన కోతలయ్యే వేళకు కింద ఇంకా పైరు పచ్చగా ఉంటుంది. ఎలుకలు, పురుగులు ఆకలితో చావకుండా ఆ పచ్చటి పైరులో బతికి, మళ్ళీ పైన ఊడ్చేసరికి పైకొస్తాయి. అదే అందరూ ఒకే వారంలో ఊడ్చి, ఒకే వారంలో కోసి, ఆ తర్వాత మొత్తం మడులన్నీ ఒకేసారి నీళ్ళు పెట్టి ఖాళీగా వదిలేస్తే పురుగుకు తిండీ లేదు, దాక్కునే చోటూ లేదు. కిందివాడికి నీటి భయం, పైవాడికి పురుగు భయం. అందుకే ఇద్దరూ కూర్చుని ఒక తేదీకి కట్టుబడతారు. మరీ దీవి అంతా ఒకే రోజు ఊడిస్తే నీళ్ళు చాలవు కాబట్టి పక్క సుబాక్‌లు కొన్ని రోజులు ముందూ వెనకా జరుపుకుంటాయి. ఈ తేదీలన్నీ నీటి గుళ్ళలో, అంటే నీటి పాయల దగ్గర కట్టుకున్న గుళ్ళలో, రైతులు కూర్చుని తేల్చుకుంటారు. చిన్న పాయకు చిన్న గుడి, పెద్ద ఆనకట్టకు పెద్ద గుడి, అలా పైకి పోతే కొండ మీది గుడులు, చెరువుల దగ్గరి గుడులు.

స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త బాలిలోనే ఏళ్ళ తరబడి ఈ విషయం మీద పనిచేశాడు. జేమ్స్ క్రెమర్ అనే పర్యావరణ శాస్త్రవేత్తతో కలిసి రెండు నదుల కింది సుబాక్‌లన్నిటినీ కంప్యూటర్ నమూనాలో పెట్టి చూస్తే, ఎవరి పంట వాళ్ళు వేసుకున్నప్పటికంటే, అందరూ ఒకేసారి వేసినప్పటికంటే, గుళ్ళ పద్ధతికి దగ్గరగా ఉన్న ఏర్పాటులోనే దిగుబడి బాగా వచ్చింది. గుళ్ళో కూర్చుని నిర్ణయిస్తారు కదా అని దీన్ని మూఢనమ్మకం కింద కొట్టేసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలని నా కోరిక.

ఎందుకంటే ఒకసారి అలా కొట్టేశారు కూడా. 1970లలో హరిత విప్లవం బాలికి వచ్చినప్పుడు గుడి తేదీలు వదిలేసి, వీలైనన్ని సార్లు, వీలైనంత త్వరగా కొత్త వంగడాలు ఊడ్చమని రైతులకు ప్రభుత్వం చెప్పింది. మొదట దిగుబడి పెరిగింది. ఆ తర్వాత ఎవరి తేదీ వాళ్ళదై, నీళ్ళు చాలలేదు, సుడిదోమ అనే వరి పురుగు విరుచుకుపడింది. ఆ దోమను తట్టుకునే ఐఆర్-36 అనే వంగడం తెస్తే వేరే తెగులు వచ్చింది. మందులు పెరిగాయి. చివరికి రైతులే పాత తేదీలకు తిరిగి వెళ్ళారు. 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది కూడా. ఇది వింటుంటే నాన్నగారి ముఖం మారిపోయింది. మా జిల్లాలోనే ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్-8 పండించి మిస్టర్ ఐఆర్-8 అని పేరు తెచ్చుకున్నారు, ఆ కొత్త విత్తనాలే మా తాతగారి తరం ఆకలి తీర్చాయి, అందుకని నాన్నగారు కొత్త వంగడాలను ఎప్పుడూ తిట్టరు. కానీ దోమపోటుకు చేను గుండ్రంగా మాడిపోవడం ఆయనకు తెలుసు. "విత్తనం తప్పు కాదురా, ఎవడికి వాడు ఊడ్చుకోవడమే తప్పు" అన్నారు. నేను అది ఇంటాయనకు చెప్తే చాలాసేపు తలూపాడు.

మేం వెళ్ళినప్పుడు ఎర్ర బియ్యం వరి కోతకు వచ్చింది. ఇది వాళ్ళ సొంత రకం, పొడవాటి మొక్క, కంకి మీద మీసాలు ఉంటాయి, చేతికొచ్చేసరికి ఐదారు నెలలు. మా స్వర్ణ 150 రోజుల పంట, ఇది దానికంటే కూడా ఎక్కువ. ఏడాదికి ఒక్కసారే వేస్తారు, రెండో పంటగా తొందరగా వచ్చే తెల్ల వరి. ఇంటావిడ కోస్తుంటే చేతిలో కొడవలి కనపడలేదు. దగ్గరికెళ్ళి చూస్తే అరచేతిలో దాక్కునేంత చిన్న బ్లేడు, చెక్క పిడి వేళ్ళ మధ్య. ఒక్కొక్క కంకిని వేలితో బ్లేడు మీదికి లాగి తుంచుతోంది. దేవీ శ్రీ అంటే వరి తల్లి, ఆమెకు కత్తి కనపడితే బెదురుతుందని అలా దాచి కోస్తారట. కొందరు ఇప్పుడు కొడవలితోనే కోసేస్తున్నారు, కూలీల ఖర్చు మామూలుగా లేదు మరి. కొన్ని మంచి కంకులు ఎంచి, బొమ్మలా కట్టి, తెల్లగుడ్డ చుట్టి ధాన్యపు కొట్టులో పైన పెట్టారు. మనం సంక్రాంతికి చూరుకు కట్టే వరి కుచ్చు లాంటిదనుకుని నాన్నగారు "పిచ్చుకలకా?" అని అడిగారు. కాదు, అది నీనీ, అంటే మామ్మ, ధాన్యం కొట్టులో ఉన్నన్నాళ్ళూ ఆమె అక్కడే కూర్చుంటుంది అన్నాడు ఇంటాయన. కోసిన మడిలోకి మర్నాడే బాతుల్ని తోలారు, రాలిన గింజలు, పురుగులు ఏరుకు తింటాయి, ఎరువూ వేసిపోతాయి.

బతుకు సంగతి అడిగారు కదా. ఇంటాయనది 30 ఆరెల పొలం. అక్కడ పొలాన్ని ఆరెల్లో చెప్తారు, ఒక ఆరె అంటే 100 చదరపు మీటర్లు. అంటే మన లెక్కలో 74 సెంట్లు, అదీ మూడు చోట్ల. దాంతో ఇల్లు గడవదు. ఆవులు, పందులు, కొంచెం కాఫీ తోట, మాలాంటి వాళ్ళకు అద్దెకిచ్చే గది, అన్నీ కలిస్తేనే. పెద్దబ్బాయి విదేశీ ఓడలో వంటవాడు. మాతో తిరిగిన చిన్నబ్బాయి కూడా హోటల్ పనికే వెళ్ళిపోతాడట. 2012లో ఈ మడులను, బాలిలోని ఇంకొన్ని సుబాక్ ప్రాంతాలను కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. దాంతో జనం పెరిగారు, మడుల పక్కనే హోటళ్ళు లేచాయి. దక్షిణాన పల్లపు సుబాక్‌ల పొలాలైతే విల్లాల కింద పోతున్నాయి. మధ్యలో ఒక పొలం అమ్ముడుపోయి గోడ లేస్తే బోదె తెగిపోతుంది, కిందున్న వాళ్ళకు కట్టుబాటు ఉండీ నీళ్ళుండవు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. ఫొటోల్లో కనపడే ఆ పచ్చటి మెట్లు ప్రతి రోజూ ఎవరో ఒకరు బురదలో దిగి గట్టు చెక్కితేనే ఉంటాయి, ఆ మనిషికి మిగిలేది మరీ తక్కువ.

కాబట్టి తప్పకుండా వెళ్ళండి, కానీ రెస్టారెంట్లో భోంచేసి గంటలో తిరిగిరావద్దు. లోపలికి టికెట్టు ఉంటుంది, తీసుకోండి. ఎర్ర వరి కోత చూడాలంటే జూన్, జూలై మంచివి. రైతు ఇంట్లో గది తీసుకుని కనీసం రెండు రాత్రులు ఉండండి, పొద్దున ఆరుకల్లా వాళ్ళతో పాటు మడిలోకి వెళ్ళండి. గట్ల మీద నడిచేటప్పుడు అంచు తొక్కకండి, విరిగితే వాళ్ళే మళ్ళీ కట్టుకోవాలి. నీటి గుడి లోపలికి అడగకుండా వెళ్ళకూడదు, నడుముకు గుడ్డ కట్టుకోవాలి, వాళ్ళే ఇస్తారు. శాకాహారులైతే ముందే గట్టిగా చెప్పండి, వాళ్ళ కూరల్లో రొయ్యల ముద్ద పడుతుంది.

వచ్చేటప్పుడు ఎర్ర బియ్యం కొనాలనుకుంటే రోడ్డు మీది దుకాణంలో కాకుండా మీరు ఉన్న ఇంట్లోనే కొనండి, డబ్బు నేరుగా పండించినవాళ్ళకే చేరుతుంది. రాత్రి నానబెట్టి, మామూలుగా పోసేదానికంటే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి వండితే మెత్తగా వస్తుంది. మా అమ్మ ముందు అలాగే వండింది, ఆ తర్వాత గంజి వార్చి చూసింది. నాన్నగారికి గంజి వార్చిందే నచ్చింది.