స్కానర్ యాప్‌లో పోలీసుల మాటలు ఎందుకు వినపడవు?

సందేహం: శాన్ హోజేలో ఎం.ఎస్. చదువుతున్నాను అన్నా. రాత్రుళ్ళు మా అపార్ట్‌మెంట్ మీద హెలికాప్టర్ తిరిగితే రూమ్‌మేట్స్ అందరికీ టెన్షన్. పోలీసు, ఫైర్ వాళ్ళ రేడియో మాటలు వినిపించే స్కానర్ యాప్ పెట్టుకోమని సీనియర్ ఒకరు చెప్పారు. పెట్టుకుంటే ఫైరింజన్ వాళ్ళ మాటలే తప్ప పోలీసులవి రావట్లేదు. అసలు ఇలా వినడం నేరమా?

జవాబు: మీ యాప్‌లో లోపమేమీ లేదు తమ్ముడూ. మీ ఊరి పోలీసులు తమ రేడియోను ఎన్‌క్రిప్ట్ చేసేశారు, అంటే బయటివాళ్ళకు అర్థం కాకుండా సంకేతాలకు తాళం వేసేశారు. ఫైర్, అంబులెన్స్ ఛానళ్ళను మాత్రం చాలా ఊళ్ళలో ఇంకా తెరిచే ఉంచారు, అందుకే అవి వినిపిస్తున్నాయి.

మన దగ్గర పోలీసుల వైర్‌లెస్ సెట్ సంగతులు జనం వినొచ్చన్న ఊహే ఉండదు. ఇక్కడ అలా కాదు. దశాబ్దాలుగా ఎవరైనా షాపులో స్కానర్ కొనుక్కుని ఇంట్లో కూర్చుని వినేవాళ్ళు. పత్రికాఫీసుల్లో రోజంతా ఒకటి మోగుతూ ఉండేది. తాళం లేకుండా అందరికీ అందేలా వచ్చే పోలీసు, ఫైర్ ప్రసారాలను వింటే తప్పు లేదని 1986 నాటి ఫెడరల్ చట్టమే చెబుతోంది. కాబట్టి ఇంట్లో యాప్ పెట్టుకున్నందుకు భయపడక్కర్లేదు. ఎన్‌క్రిప్ట్ చేసినదాన్ని విప్పబోవడం మాత్రం నేరం. యూట్యూబ్‌లో ఎవరో చూపించారని ఆ జోలికి పోకండి.

ఇక తాళం ఎందుకు పడిందంటారా? ట్రాఫిక్‌లో కారు ఆపిన పోలీసు లైసెన్స్ నంబరు, పేరు, పుట్టిన తేదీ రేడియోలో చదువుతాడు. పాత కేసులుంటే డిస్పాచ్ (కంట్రోల్ రూమ్) నుంచి అవీ చెబుతారు. ఊరంతా వింటుంది. ఈ వివరాలను కాపాడాలని 2020 అక్టోబరులో కాలిఫోర్నియా న్యాయశాఖ ఆదేశమిచ్చింది. రేడియోను ఎన్‌క్రిప్ట్ చేయండి, లేదా వ్యక్తిగత వివరాలు బయటకు వినపడకుండా ఇంకో పద్ధతి పెట్టుకోండి అంది. చాలా ఊళ్ళు మొదటి దారే పట్టి మొత్తం మూసేశాయి. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంది నాకైతే. మీ పక్కనున్న పాలో ఆల్టో 2021 జనవరిలో మూసి, విమర్శలు వచ్చాక 2022 సెప్టెంబరులో మళ్ళీ తెరిచింది. కాలిఫోర్నియా హైవే పోలీసులైన హైవే పట్రోల్ అసలు మూయనే లేదు, ఆ వివరాల వరకే జాగ్రత్త పడుతోంది. మరి మిగతావాళ్ళకు ఏం అడ్డమొచ్చింది? దొంగలూ వింటారన్న వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. కానీ రహస్య ఆపరేషన్లకు విడి ఛానళ్ళు ఎప్పటినుంచో ఉన్నాయి. షికాగో జనానికి 30 నిమిషాలు ఆలస్యంగా వినిపిస్తోంది. న్యూయార్క్ పోలీసులు 2023 జులైలో బ్రూక్లిన్‌తో మొదలుపెట్టి ఒక్కో ప్రాంతమే మూస్తూ వచ్చారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. కార్లో స్కానర్ వద్దు. న్యూయార్క్‌లో పర్మిట్ లేకుండా వాహనంలో పోలీసు ఫ్రీక్వెన్సీలు వినే పరికరం పెడితే నేరం. ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటాల్లోనూ ఆంక్షలున్నాయి. రోడ్ ట్రిప్‌లో రాష్ట్రం మారితే రూలూ మారుతుంది. వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, వీసా స్టాంపింగ్‌కు వెళ్ళినప్పుడు ఆ తలనొప్పి మనకెందుకు? బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకైతే సందేహమే లేదు, మనకు ఉద్దేశించని ప్రసారం వినడమే అక్కడ 2006 చట్టం కింద నేరం.

అయినా స్కానర్ విని ధైర్యం తెచ్చుకున్నవాళ్ళు తక్కువ. అందులో వచ్చేవి కోడ్ నంబర్లు, సగం సగం మాటలు, ఇంకా రుజువు కాని అనుమానాలు. 2013 బోస్టన్ మారథాన్ పేలుళ్ళప్పుడు, స్కానర్‌లో విన్నామంటూ సంబంధమే లేని ఒక విద్యార్థి పేరును రాత్రికి రాత్రి లోకమంతా చాటారు. ఆ కుటుంబం పడ్డ నరకం తలుచుకుంటే, విన్నది వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేయాలంటే చెయ్యాడదు.

చదువుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి ఆధారం ఉంది, చాలామందికి తెలియదు. 1990 నాటి క్లెరీ చట్టం ప్రకారం, సొంత పోలీసులో సెక్యూరిటీ విభాగమో ఉన్న యూనివర్సిటీ రోజువారీ నేరాల లాగ్ రాయాలి. ఫిర్యాదు అందాక రెండు పనిదినాల్లో నమోదు కావాలి, ఎవరడిగినా గత 60 రోజులది చూపాలి. ప్రమాదం ఉంటే విద్యార్థులకు హెచ్చరికలు పంపడమూ వాళ్ళ బాధ్యతే. మీ యూనివర్సిటీ అలర్టులకు ఇండియా నంబరు ఇచ్చి వదిలేశారేమో చూసుకుని ఇక్కడి నంబరుకు మార్చండి. సగం మంది చేసే పని అదే.

క్యాంపస్ బయట జరిగినదానికి, మీ వీధిలో ఏమైందో తెలియాలంటే, తేదీ, సమయం, చోటు రాసి కాలిఫోర్నియా పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద పోలీసు శాఖను అడగొచ్చు. పౌరసత్వం అక్కర్లేదు. రికార్డు ఇస్తారో లేదో 10 రోజుల్లోగా చెప్పాలి, అవసరమైతే కొంత గడువు పొడిగించుకుంటారు. దర్యాప్తు ఫైళ్ళు ఇవ్వకపోవచ్చు గానీ ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగిందన్న ప్రాథమిక వివరాలు సాధారణంగా ఇస్తారు.